పది వేళ్ళు, పది నంబర్లు

నా పది వేళ్ళు కొన్నాళ్ళపాటు భూపాలపల్లిలో పదిమంది పేర్ల మీద బతికాయి. ఆ పదిమంది ఉద్యోగాలు నిలిచాయి, నాది పోయింది. ఉద్యోగాలు పోవడం ఆ ఏడాది పెద్ద విశేషమేమీ కాదు. కానీ ఆ వేళ్ళు ఎందుకు పెట్టానో, ఎవరు పెట్టమంటే పెట్టానో తెలిసినవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు నోరు తెరిచి ఉంటే నా మీద 'దొంగ హాజరు' అన్న మాట పడేది కాదు. ఆ మాట ఇప్పటికీ నా మీదే ఉంది. మర్చిపోవచ్చు కదా అని ఇంట్లోవాళ్ళు చాలాసార్లు అన్నారు. నేను మర్చిపోతే ఇక దీన్ని గుర్తుపెట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరని చెప్పాను.

మాది రఘునాథపల్లి దగ్గర ఊరు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, జనగామలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో ఆపరేటరుగా చేరాను. రోడ్లు, మట్టిపని చేసే కంపెనీ. మా జిల్లా వరకు జనగామలో ఆఫీసు, సామాను గోదాము ఉండేవి. మహబూబాబాద్ బయట కంకర మిషను, భూపాలపల్లిలో మట్టి తోలే బండ్లు, వాటిని బాగుచేసే షెడ్డు. పెద్దాఫీసు హైదరాబాద్‌లో. మూడు చోట్లా మస్టర్ పుస్తకంలోనే హాజరు వేసేవాళ్ళు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాలు వెలిసి, వారానికో బంద్ నడుస్తున్న ఆ రోజుల్లోనే పెద్దాఫీసుకు మస్టర్ పుస్తకం మీద నమ్మకం పోయింది. బంద్ రోజున కూడా హాజరు పడుతోందని వాళ్ళ అనుమానం. ఇక మీదట వేలు పెడితేనే మనిషి వచ్చినట్టు అన్నారు. మా జిల్లాకు మూడు వేలిముద్ర మిషన్లు పంపారు. వాటిని బిగించి, కంప్యూటర్‌లోని హాజరు సాఫ్ట్‌వేర్‌కు కలిపే పని నాకు అప్పగించారు.

ముందు హైదరాబాద్‌లో ఒక పూట శిక్షణ ఇచ్చారు. అన్ని జిల్లాల నుంచి పన్నెండు మంది వచ్చారు. మేనేజరు కోస్తా వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునేవాడు. నేను లేచి, "సార్, గీ మిషన్ల టైము తప్పుతె ఎట్ల మారుస్తరు?" అని అడిగాను. ఆయన పక్కవాళ్ళ వైపు తిరిగి, "గీ మిషన్ల అంట. ఎట్ల అంట. మిషన్‌కి కూడా మన భాష నేర్పించాలేమో" అన్నాడు. గది మొత్తం నవ్వింది. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ జవాబు తర్వాత మిషన్‌తో వచ్చిన పుస్తకం చదివి నేనే కనుక్కున్నాను. ఆ గదిలో నవ్విన వాళ్ళలో ఇద్దరు తర్వాత అదే సంగతి నాకు ఫోన్ చేసి అడిగారు. చెప్పాను. వాళ్ళ నవ్వు మాత్రం నాకు గుర్తుంది.

పని కష్టమైంది కాదు, కానీ ఓపిక కావాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మిషన్‌ను ఒక్కో టెర్మినల్ అంటారు. దానికి ఒక నంబరు ఇవ్వాలి, ఏ ఊరిదో రాయాలి. దాని గడియారాన్ని మన కంప్యూటర్ గడియారంతో కలపాలి. ఆ టెర్మినల్‌కు ఒక అడ్మిన్‌ను పెట్టాలి. ఆ అడ్మిన్ వేలు పెడితేనే మిషన్ లోపలి మెనూ తెరుచుకుంటుంది. తర్వాత పనివాళ్ళను ఒక్కొక్కరిని పిలిచి, ఒకే వేలిని మూడుసార్లు పెట్టించి, వాళ్ళ నంబరు మీద ఎక్కించాలి. ఒక నంబరు మీద ఎక్కిన వేలిని అదే మిషన్ ఇంకో నంబరు మీద తీసుకోదు. ఎక్కాక రోజూ వేలు పెడితే ఆడగొంతుతో 'థాంక్యూ' అంటుంది. గుర్తు పట్టకపోతే 'ప్లీజ్ ట్రై అగైన్' అంటుంది.

జనగామది ఒకటో టెర్మినల్. అది ఒక్క రోజులో అయిపోయింది. రెండోది మహబూబాబాద్. అక్కడ కంకర మోసే పనిలో ఎక్కువమంది చుట్టుపక్కల తండాల ఆడవాళ్ళు. వాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకుంటూ, నవ్వుకుంటూ వచ్చి బొటనవేలు పెట్టి పోయారు. మిషన్ 'థాంక్యూ' అంటే ఒకావిడ దానికి తిరిగి 'థాంక్యూ' చెప్పింది. చిక్కు వచ్చింది వాళ్ళతో కాదు, అక్కడి గుమాస్తాతో.

"నేను పది చదివిన. నేను బొటనేలు వెట్టుడేంది?" అన్నాడు.

మా వైపు సంతకం రానివాళ్ళు కాగితం మీద బొటనవేలితో వేసే ముద్రను నిశాని అంటారు. సంతకం వచ్చినవాడికి నిశాని వేయమనడం కంటే పెద్ద అవమానం లేదు. మిషన్ తయారుచేసినవాళ్ళకు ఈ సంగతి తెలియదు, పెద్దాఫీసుకూ తెలియదు. నాకు తెలుసు. అందుకని అక్కడికక్కడే నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. సంతకం వచ్చినవాళ్ళకు చూపుడు వేలు, రానివాళ్ళకు బొటనవేలు. గుమాస్తా చూపుడు వేలు పెట్టాడు. అయినా ఆ రోజంతా నాకు చాయ్ ఇప్పించలేదు. తన ఒక్కడికే తెప్పించుకుని నా ముందే తాగాడు.

మూడోది భూపాలపల్లి. అక్కడి టైంకీపరు పదిహేనేళ్ళుగా మస్టర్ రాస్తున్నవాడు. మిషన్ వస్తే ఆయన పుస్తకం మూతపడుతుంది. నా మీద కోపంగా ఉంటాడనుకుంటూ పోయాను. ఆయన ఎదురొచ్చి నా చేతిలోని డబ్బా అందుకున్నాడు.

"రా తమ్మీ. గీ దయ్యాన్ని తెచ్చినవా? తే, జెర దండం వెట్టుకుంట."

మంచి గొంతు ఉన్న మనిషి. శిబిరంలో రోజూ ఉద్యమం పాటలు పాడేవాడు. మధ్యాహ్నం నన్ను వాళ్ళింటికి తీసుకుపోయాడు. ఆయన భార్య పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. "మా తమ్ముడు, జనగామ నుంచి వచ్చిండు. గా పెద్దాఫీసోళ్ళ లెక్క కాదు, మనోడు" అని ఆమెతో అన్నాడు. 'మనోడు' అన్న ఆ మాట నాకు చాలా పెద్దదిగా తోచింది. హైదరాబాద్ గదిలో నవ్వులపాలై వచ్చినవాడిని కదా.

ఆయన్నే మూడో టెర్మినల్‌కు అడ్మిన్‌గా పెట్టాను. మనుషులను ఎక్కించడం, తీసేయడం నేర్పాను. ఎవరు ఎప్పుడు మెనూ తెరిచారో మిషన్ తనలో తానే రాసి పెట్టుకుంటుందని చూపించాను. భూపాలపల్లిలో అప్పుడు ఇంటర్నెట్ లైను లేదు కాబట్టి ఆ చిట్టా అంతా పెన్‌డ్రైవ్‌లో తీసుకోవాలి. చిట్టా నిండితే మిషన్ మొరాయిస్తుంది. అప్పుడు దాన్ని ఎలా చెరపాలో కూడా నేనే నేర్పాను. ఆయన శ్రద్ధగా ఒక చీటీ మీద రాసుకున్నాడు.

సాయంత్రానికి బండ్ల డ్రైవర్లు, క్లీనర్లు అందరూ ఎక్కారు. షెడ్డులో పనిచేసే పదిమంది మిగిలారు. వాళ్ళకు ముప్పై ఒకటి నుంచి నలభై వరకు నంబర్లు. వాళ్ళలో ముందు మాట వెల్డరుది. ఆయన మిషన్ ముందుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఏందన్నా, సంతకం వచ్చినోన్ని నిశాని ఏయమంటవా? ఏడో తరగతి దాక చదివిన. కావాల్నంటె మూడు భాషల్ల సంతకం వెడ్త. కాయితం తే."

"బొటనేలు వద్దన్నా, చూపుడు వేలు చాలు" అన్నాను.

"ఏ వేలైతేంది? వేలు వేలే గద. నిశాని నిశానే" అన్నాడు. మిగతా తొమ్మిది మంది నవ్వుతూ ఆయన వెనకే పోయారు. "రేపు చూద్దాం తియ్యన్నా" అన్నారు పోతూ పోతూ.

ఆ రేపు రాలేదు. మర్నాడు పొద్దున్నే సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, గనులు ఆగాయి. మా షెడ్డు పదిమంది అందరికంటే ముందు శిబిరంలో కూర్చున్నారు. నేను లారీలు మారి ఎలాగో జనగామ చేరాను.

రెండు వారాలు కాకముందే పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. నెలాఖరుకల్లా మిషన్‌లో వేలిముద్ర ఎక్కని వాళ్ళ పేర్లు మస్టర్‌లో నుంచి తీసేస్తారట. మూడు టెర్మినళ్ళకూ కలిపి చూస్తే ఎక్కని నంబర్లు పదే ఉన్నాయి, ముప్పై ఒకటి నుంచి నలభై. ఆ ఉత్తర్వు ఎవరి కోసం పుట్టిందో నాకు వెంటనే తెలిసింది. మేనేజరుకు ఫోన్ చేశాను. "గడువు గడువేనయ్యా. వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు, నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

నా పని నేను చూసుకుని ఉంటే ఈ రాత ఉండేది కాదు. స్నేహితుడి మోటార్ సైకిల్ అడుక్కుని బయలుదేరాను. హనుమకొండ దాటాక అడుగడుగునా రోడ్డుకు అడ్డంగా రాళ్ళు, టైర్లు. పరకాల దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండి ఆపి, "తిననిది పోనియ్యం" అన్నారు. విస్తరాకులో అన్నం, పప్పుచారు పెట్టారు. ఎవరో ఏమిటో అడగలేదు. అక్కడ తిన్న అన్నం నాకు ఇప్పటికీ మంచి జ్ఞాపకమే. మన వాళ్ళ కోసం పోతున్నాననే ఉత్సాహంతో మిగతా దారి నడిపాను.

కంపెనీ గేటుకు ఎదురుగానే శిబిరం. పదిమందీ అక్కడే ఉన్నారు. టైంకీపరు మైకు వదిలి నా దగ్గరికి వచ్చాడు. నేను ఉత్తర్వు సంగతి చెప్పి, వెల్డరుతో అన్నాను:

"అన్నా, మిషన్ గోడకెళ్ళి ఊడదీసి గీడికే తెస్త. కూసున్న కాడనే వేలు వెట్టుండ్రి. నిమిషం పని."

"మన్ను చేతుల వట్టుకొని అందరి ముంగట ఒట్టు వెట్టుకున్నం" అన్నాడు వెల్డరు. "సమ్మె అయ్యేదాక కంపెనీ గేటు తొక్కం, కంపెనీ వస్తువు ముట్టం. గిప్పుడు గీడ కూసొని గా మిషన్ ముట్టుకుంటె మా ఇజ్జత్ ఏముంటది?"

"నెలాఖరైతె పేర్లు పోతయన్నా."

"పోతె పోనియ్!" అన్నాడు గట్టిగా, మైకు దాకా వినిపించేటట్టు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక ఆయన నా భుజం మీద చెయ్యి వేసి వంగి, "ఏదన్న జూడు అన్నా. పిల్లలున్నరు" అన్నాడు. ఆ రెండో మాట చెవిలో చెప్పాడు. మొదటి మాట వందమంది విన్నారు, రెండోది నేనొక్కడినే విన్నాను. నా బతుకంతా ఈ లెక్కలోనే పోయింది.

టైంకీపరు నన్ను పక్కకు తీసుకుపోయాడు. "తమ్మీ, పదిమంది పదినంబర్లు. నీకు పదివేళ్ళు. ఇగ సమజ్ కాలేదా?" అన్నాడు.

"అన్నా, అది తప్పుగద?"

"ఏం తప్పు? హాజరేమన్న ఏస్తున్నమా? పేరు నిలవెడ్తున్నం. సమ్మె అయిన తెల్లారే నీ వేళ్ళు తీసేసి వాళ్ళ వేళ్ళు నేనే ఎక్కిస్త. నేర్పినవ్ గద. నేను లేనా నీకు?"

నేను లేనా నీకు అన్నాడు. మాట మాట రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చలేదు.

గేటు గదిలోకి పోయాం. టైంకీపరు కూడా ఒట్టు పెట్టుకున్నవాడే, కానీ తాళం చెవులు ఆయన దగ్గర ఉండేవి కాబట్టి లోపలికి పోయినా ఎవరూ ఏమనలేదు. మెనూ తెరవడానికి అడ్మిన్ వేలు కావాలి. ఆయన తన కుడి చూపుడు వేలు పెట్టాడు. మెనూ తెరుచుకుంది. నేను కూర్చున్నాను.

మూడుసార్ల చొప్పున పది వేళ్ళు. మధ్య మధ్య మెనూ మూసుకుంటే ఆయన మళ్ళీ వేలు పెట్టి తెరిచాడు. వరుసగా పెడదామనుకున్నాను గానీ కుదరలేదు. చిన్నప్పుడు వరి కోతల్లో కొడవలి తెగిన గాటు ఒక వేలికి ఉంది. మిషన్ దాన్ని ఎంతకీ తీసుకోలేదు, చివరికి వదిలి మళ్ళీ వచ్చాను. చిటికెన వేళ్ళు అద్దం మీద జారిపోయేవి. అలా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి అయ్యాయి. ఏ నంబరుకు ఏ వేలు పెట్టానో ఒక కాగితం మీద రాసుకున్నాను.

"పదితోని సరివాయె" అన్నాడు టైంకీపరు నవ్వుతూ. "పదకొండోడు ఉంటె కాలివేలు వెట్టేది నువ్వు."

నేనూ నవ్వాను. అలవాటు ప్రకారం మిషన్ చిట్టాను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఎండ ఉండగానే బయలుదేరాను. నెలాఖరుకు పెద్దాఫీసుకు పంపిన జాబితాలో మూడు టెర్మినళ్ళలోనూ ఖాళీ నంబరు లేదు.

సమ్మె ముగిసిన రోజున టైంకీపరుకు ఫోన్ చేశాను. "తెల్లారంగనే మారుస్త తమ్మీ, ఫికర్ వెట్టుకోకు" అన్నాడు. తెల్లారి గేటు తెరిచేసరికి మేనేజరు కారు అక్కడ ఉంది. ఎవరికీ చెప్పకుండా హైదరాబాద్ నుంచి వచ్చి, కుర్చీ వేసుకుని మిషన్ పక్కనే కూర్చున్నాడట. డ్రైవర్లు, క్లీనర్లు వేలు పెట్టి లోపలికి పోయారు. షెడ్డు పదిమంది వచ్చి పెట్టారు. పదిమందికీ 'ప్లీజ్ ట్రై అగైన్' అంది.

నాకు పిలుపు వచ్చింది. మధ్యాహ్నానికి భూపాలపల్లి చేరాను. గేటు గదిలో మేనేజరు, టైంకీపరు ఉన్నారు. కిటికీ అవతల పదిమంది.

"ఈ పది నంబర్ల మీదా వేలిముద్రలున్నాయి. మనుషులొచ్చి పెడితే తీసుకోవట్లేదు. ఇవెవరివయ్యా?"

"నాయి సార్."

"నీవా? ఏదీ, పెట్టు."

పెట్టాను. 'థాంక్యూ' అంది. ఇంకో వేలు పెట్టమన్నాడు. 'థాంక్యూ'. ఒక్కోసారీ తెర మీద నంబరు చూసి ఆయన కాగితం మీద రాసుకుంటున్నాడు. పది వేళ్ళూ పెట్టించాడు. ఎడమ చిటికెన వేలు నాలుగుసార్లు జారింది. ఐదోసారి ఆయనే నా వేలు పట్టుకుని అద్దానికి అదిమాడు. పదో 'థాంక్యూ' అయ్యేదాకా కిటికీ అవతలి పదిమందీ నా వేళ్ళనే చూశారు.

"సమ్మెలో ఉన్నవాళ్ళకి దొంగ హాజరు వేద్దామనుకున్నావన్నమాట" అన్నాడు మేనేజరు.

"హాజరు ఒక్క రోజు కూడ వెయ్యలేదు సార్. పేర్లు పోవద్దని ఎక్కించిన. టైంకీపరన్నను అడుగుండ్రి."

మేనేజరు ఆయన వైపు చూశాడు. టైంకీపరు పాత మస్టర్ పుస్తకం అట్ట మీద దుమ్ము తుడుస్తున్నాడు. అది మూతపడి నెలరోజులైంది.

"నాకేం ఎర్క సార్? నేను శిబిరంల ఉన్న. మా తమ్ముడే అని చాబీ ఇచ్చిన. లోపట ఏం జేసిండో నేను చూడలే."

"అన్నా, గట్లంటవేంది? మెనూ తెరిచింది నీ వేలుతోనే గద?"

"అబద్ధం చెప్తె నాకేమొస్తది తమ్మీ?" అన్నాడు, ఎంతో బాధపడుతున్నట్టు.

నేను మిషన్ వైపు తిరిగాను. "చిట్టాల ఉంటది సార్, ఎవరు తెరిచిండ్రో." టైంకీపరు చేతనే తెరిపించి చూపించబోయాను. చిట్టా ఖాళీగా ఉంది. నేను వచ్చేలోపే, మేనేజరు కాసేపు పక్కకు లేచినప్పుడు చెరిపేసి ఉంటాడు. ఎలా చెరపాలో చీటీ మీద రాసుకున్నది నా కళ్ళ ముందే.

పదిమందిని మేనేజరు లోపలికి పిలిచాడు. కంపెనీ మనసు పెద్దదని, సమ్మె సంగతి మర్చిపోతుందని చెప్పి, నా వేళ్ళు తీసేయించి వాళ్ళ వేళ్ళు ఎక్కించమన్నాడు. టైంకీపరు చకచకా ఎక్కించాడు. అదే ముప్పై ఒకటి, అదే నలభై. వెల్డరు కూడా వచ్చి వేలు పెట్టాడు. బొటనవేలే పెట్టాడు.

నేను గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని దరఖాస్తు రాశాను. నాలుగే వాక్యాలు: మేము సమ్మెలో ఉన్నాము, మా పేర్లు పోకుండా ఉండడానికి మేమే ఇతన్ని అడిగాము, ఇతను హాజరు వేయలేదు, ఇందులో ఇతని స్వార్థం లేదు. పదిమంది పని దిగి వచ్చేదాకా ఎదురుచూసి వాళ్ళ ముందు పెట్టాను. తొమ్మిది మంది వెల్డరు మొహం చూశారు.

"చదువన్నా. తప్పుంటె చెప్పు. లేకుంటె సంతకం వెట్టు" అన్నాను.

ఆయన కాగితం వైపు చూడలేదు. "నాకు సంతకం రాదన్నా" అన్నాడు.

"మూడు భాషల్ల వెడ్తనన్నవ్ గద మొన్న?"

"గప్పుడు వచ్చె. గిప్పుడు రాదు."

నా సంచిలో ఎప్పుడూ ఒక స్టాంప్ ప్యాడ్ ఉండేది. తీసి మూత తెరిచి బల్ల మీద పెట్టాను. "పోనీ నిశాని వెయ్యి" అన్నాను. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "జెర సమజ్ చేసుకో అన్నా, ఇయ్యాల్నే లోపటికి తీసుకున్నరు మమ్ముల" అన్నాడు. తొమ్మిది మంది చాయ్ సగంలో వదిలి లేచారు.

జనగామ వచ్చాక నాకు గుర్తొచ్చింది. ఆ రోజు పెన్‌డ్రైవ్‌లో తీసుకున్న చిట్టా ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది. తెరిచాను. టైంకీపరు నంబరు, మెనూ తెరిచిన సమయం, మళ్ళీ తెరిచిన సమయం, అన్నీ ఉన్నాయి. శిబిరంలో ఉన్నానన్న మనిషి వేలు గేటు గదిలో ఉంది. ప్రింటు తీసి, మేనేజరు జనగామ వచ్చిన రోజున ఆయన బల్ల మీద పెట్టాను. ఇక నా మీద మచ్చ పోయిందనుకున్నాను.

ఆయన పూర్తిగా చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.

"నాకు తెలుసయ్యా" అన్నాడు.

"తెలుసా సార్?"

"అక్కడ కూర్చున్న రోజే తెలుసు. మెనూ తెరవకుండా నువ్వెలా ఎక్కిస్తావు? ఆ టైంకీపరు మాట అక్కడ మూడొందల మంది వింటారు. రేపు ఇంకో సమ్మె వస్తే నాకు వాడు కావాలి. ఆపరేటరంటావా, అమీర్‌పేటలో నిలబడి పిలిస్తే వందమంది వస్తారు. ఎవరో ఒకరి పేరు రాయాలి కదా, రాశాను."

ఇంత నెమ్మదిగా ఒక మనిషిని ముంచవచ్చని నాకు అంతవరకు తెలియదు. తిట్టి ఉంటే బాగుండేది. నా మాటను వెక్కిరించినప్పుడు కూడా ఆయన ఇంతకంటే మర్యాదగా ఉన్నాడనిపించింది.

మర్నాడు ఇంకో పని చెప్పారు. ఒకటో టెర్మినల్‌లో నా నంబరు తీసేయాలి. తీసేయడం ఆఫీసులో ఇంకెవరికీ రాదు. కాబట్టి నన్నే తీసేయమన్నారు. మెనూ తెరిచాను, నా నంబరు వెతికాను, తీసేశాను. 'ఖచ్చితంగా తీసేయాలా' అన్నట్టు మిషన్ ఒకసారి అడిగింది. ఆ ఆఫీసులో నన్ను ఆ మాట అడిగింది అదొక్కటే. తీసేశాక అలవాటుగా వేలు పెట్టాను. 'ప్లీజ్ ట్రై అగైన్' అంది.

ఆ తర్వాత జనగామ బస్టాండు దగ్గర జిరాక్సు, టైపింగు షాపు పెట్టుకున్నాను. పెద్దాఫీసుకు దరఖాస్తులు రాస్తూనే ఉన్నాను. పోయిన నౌకరీ ఇవ్వమని ఎన్నడూ అడగలేదు. దొంగ హాజరు అన్న మాట నా కాగితాల్లోంచి తీసేయమని మాత్రమే అడిగాను. ప్రతిదీ రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు వచ్చిన కార్డులన్నీ దారంతో కుట్టి పెట్టుకున్నాను. జవాబు ఒక్కటీ రాలేదు.

రాష్ట్రం వచ్చింది. అందరిలాగే నేనూ రోడ్డు మీదికి వచ్చి రంగు చల్లుకున్నాను. ఆ సంబురంలో నాకూ వంతు ఉందని అప్పటికీ అనుకునేవాడిని. కొన్ని నెలల తర్వాత, భూపాలపల్లిలో ఉద్యమకారులకు సన్మానమని షాపుకు ఒక కరపత్రం జిరాక్సుకు వచ్చింది. పేర్లలో టైంకీపరు పేరు మొదట ఉంది. నేనే వంద కాపీలు తీసి ఇచ్చాను. సన్మానం నాడు చిట్టా ప్రింటు, వేళ్ళ కాగితం, సంతకాలు పడని దరఖాస్తు ఒకటి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

నిలదీయాలనే పోయాను, దాచుకోవడం దేనికి. కానీ ముందు వాళ్ళ మాటలు విందామని వెనక వరసలో కూర్చున్నాను. టైంకీపరుకు శాలువా కప్పారు. మైకు అందుకుని ఒక పాట పాడాడు. గొంతు అలాగే ఉంది. పాట అయ్యాక అన్నాడు:

"సమ్మెల కంపెనీ మా తమ్ముళ్ళ పేర్లు తీసేస్తమన్నది. పదిమంది పొట్టకొడ్తమన్నది. నేనేం జేసిన్నో ఎర్కనా? గేటు లోపటికి వొయి, గీ నా పది వేళ్ళు" అని రెండు చేతులూ పైకెత్తి చూపించాడు, "గీ నా పది వేళ్ళు పదిమంది పేర్ల మీద వెట్టిన! నౌకరి పోతె పోనియ్ అనుకున్న!"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో షెడ్డువాళ్ళు ఉన్నారు. వెల్డరు కూడా చప్పట్లు కొడుతున్నాడు.

ప్రమాదం ఉన్నప్పుడు ఆ వేళ్ళు నావి. శాలువా వచ్చేసరికి ఆయనవి అయ్యాయి. నేను లేచి నిలబడ్డాను. సంచిలోని కాగితాలు చేతికి రాలేదు, నోటికి మాత్రం మాట వచ్చింది.

"అన్నా! ముప్పై ఎనిమిదో నంబరుకు ఏ వేలు వెట్టినవే?"

ఆయన నన్ను గుర్తుపట్టాడు. మొహంలో ఒక క్షణం రంగు మారింది, అంతే. "ఆ, మా జనగామ తమ్ముడు వచ్చిండు!" అన్నాడు మైకులో. "పరాచికాలాడ్తుండు. దా తమ్మీ, పైకి దా."

"పైకి ఎందుకన్నా, గీడికెళ్ళే చెప్త. ముప్పై ఎనిమిది. ఏ చెయ్యి? ఏ వేలు? పదిట్ల ఒక్కటి చెప్పు. గాటున్న వేలు ఏ నంబరుకు వెట్టినవ్? గాటు సూపియ్యి."

ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఎవరో "కూసోవయ్యా" అన్నారు. నిర్వాహకుడు డప్పుల వాళ్ళకు చెయ్యి ఊపాడు. డప్పులు మోగాయి. నేను ఇంకా రెండు మూడు నంబర్లు అరిచాను గానీ నాకే వినిపించలేదు. చెయ్యి పట్టి బయటికి పంపినవాళ్ళు మర్యాదగానే పంపారు. "మంచి రోజు నాడు లొల్లి ఎందుకే అన్నా" అన్నారు.

బస్టాండులో హనుమకొండ బస్సు కోసం నిలబడ్డాను. డప్పులు అక్కడిదాకా వినిపిస్తున్నాయి. వెల్డరు వచ్చాడు, పరుగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు. జుట్టు నెరిసింది. కొంచెం దూరంలో ఆగి, తర్వాత దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ముప్పై ఎనిమిది నాదే."

"ఎర్కే."

"నాకు తెల్వక అడుగుతున్న. నా పేరు మీద ఏ వేలు వెట్టినవే?"

నేను సంచిలోంచి దరఖాస్తు తీశాను. అదే నాలుగు వాక్యాలు, షాపులో టైపు చేసినవి. కలం మూత తీసి ఆయన చేతికిచ్చాను.

"సంతకం వెట్టు. చెప్త."

ఆయన కాగితం బస్టాండు స్తంభానికి ఆనించి చదివాడు. ఈసారి చదివాడు. కలం పట్టుకున్న తీరు చూస్తే సంతకం బాగా వచ్చినవాడని ఎవరైనా చెప్తారు. డప్పులు వినిపిస్తున్న వైపు ఒకసారి చూశాడు. సన్మానం అయ్యాక భోజనాలు ఉన్నాయి. ఆయన ఆ ఊళ్ళోనే బతకాలి, టైంకీపరు మాట ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంకా ఎక్కువమంది వింటున్నారు. అదంతా నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన మనసు కరగలేదు.

కలం మూత పెట్టి నాకిచ్చాడు. కాగితం మడతలు పడకుండా జాగ్రత్తగా ఇచ్చాడు.

"సంతకం లేకుంట గట్లనే చెప్పరాదా అన్నా?" అన్నాడు.

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన కిటికీ కిందే నిలబడి నా చేతుల వైపు చూస్తున్నాడు. నేను చేతులు సంచి కింద పెట్టుకున్నాను. ఏ నంబరుకు ఏ వేలో రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇక్కడ అంతా రాశాను గానీ అది రాయలేదు. ఆ దరఖాస్తు కింద మొదటి సంతకం పడిన రోజున రాస్తాను.